తుఫాను మీదికే వేట



కోస్తాలో పుట్టి పెరిగినవాళ్లకు ఒక వాక్యం కంఠతా వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఈ రేడియోలోనే విన్నాం. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందని చెప్పి, ఫలానా రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని చెప్పి, చివర్న అనేవారు: మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. ఆ ‘వేట’ అన్న మాట నాకు భలే ఇష్టం. అడవిలో విల్లు పట్టే పనికీ సంద్రంలో వల వేసే పనికీ మన తీరం ఒకే మాట పెట్టుకుంది. ఎదుట ఉన్నది ఏ క్షణాన ఏం చేస్తుందో తెలియకపోవడం రెండింటికీ ఒకటే కదా.

పడవలన్నీ ఒడ్డుకు లాగేసిన రోజునే వేటకు బయల్దేరే మనుషుల గురించి ఈవేళ చెప్పబోతున్నాను. వాళ్లు వెళ్లేది తుఫాను వేటకు. వల ఉండదు, పడవ ఉండదు. నాలుగు ఇంజన్ల విమానం ఒకటి, అందులో అయిదుగురు మనుషులు. అమెరికా వైమానిక దళంలో వాళ్ల దళానికి ఉన్న పేరు 53వ వాతావరణ నిఘా స్క్వాడ్రన్. లోకం పిలిచే పేరు మాత్రం ‘హరికేన్ హంటర్స్’. హరికేన్ అంటే వేరే భూతమేమీ కాదు, మన తుఫానే. అట్లాంటిక్‌లో పుడితే హరికేన్ అంటారు, పసిఫిక్‌లో పడమటి వైపు పుడితే టైఫూన్ అంటారు.

ఇంకో విశేషం ఉంది. ఇది రిజర్వ్ స్క్వాడ్రన్. రిజర్వ్ అంటే మన టెరిటోరియల్ ఆర్మీ లాంటి ఏర్పాటు. నెలలో ఒక వారాంతం, ఏడాదిలో ఓ పదిహేను రోజులు యూనిఫారం వేసుకుంటే చాలు, మిగతా రోజుల్లో ఎవరి బతుకు వాళ్లది. ఈ స్క్వాడ్రన్‌లోని 20 విమాన బృందాల్లో సగం పూర్తికాలం పనిచేస్తాయి, సగం ఇలా పిలిచినప్పుడు వచ్చేవి. భూమ్మీద ఇంత ప్రమాదకరమైన గాలిలోకి రెక్కలేసుకు వెళ్లే పనిని ఇలాంటి వాళ్ల చేతుల్లో పెట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

కథ 1943లో, ఒక పందెంతో మొదలైందంటారు. రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతోంది. టెక్సాస్‌లో బ్రయన్ ఫీల్డ్ అనే చోట పైలట్లకు మేఘాల్లో, చీకట్లో, బయటికేమీ కనపడనప్పుడు మీటర్లు చూసి విమానం నడపడం నేర్పేవారు. ఆ బడికి పెద్ద కర్నల్ జోసెఫ్ డక్‌వర్త్. శిక్షణ కోసం అక్కడ ఉన్న బ్రిటిష్ పైలట్లకు ఏటీ-6 టెక్సాన్ అనే ఒంటి ఇంజను శిక్షణ విమానమంటే చులకన. జులై 27న గల్వెస్టన్ తీరానికి హరికేన్ వస్తోందని, విమానాలను దూరంగా తరలించాల్సి రావచ్చని తెలిసేసరికి, గాలివానకే పారిపోయే విమానమా ఇది అని ఎగతాళి చేశారట. డక్‌వర్త్‌కు పౌరుషం వచ్చి పందెం కాశాడు. పై అధికారులను అడిగితే వద్దంటారని అడగనే లేదు. రాల్ఫ్ ఓహేర్ అనే నావిగేటరును వెనక కూర్చోబెట్టుకుని తిన్నగా హరికేన్‌లోకి వెళ్లాడు. మధ్యలో కన్ను దాకా వెళ్లి, తిరిగొచ్చాడు. ఆయన దిగీదిగగానే అక్కడి వాతావరణ అధికారి నన్నూ తీసుకెళ్లమని పట్టుబట్టాడు. అదే రోజు రెండోసారి కూడా వెళ్లొచ్చాడు.

ఈ పందెం కథను అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. దాని వెనక ఇంకో సంగతి ఉంది, అది నవ్వే సంగతి కాదు. ఆ రోజుల్లో మెక్సికో సింధుశాఖలో జర్మన్ జలాంతర్గాములు తిరుగుతుండేవి. జాడ తెలిసిపోతుందని ఓడలు రేడియోలు కట్టేశాయి. తుఫాను గురించి నడిసంద్రం నుంచి ఒడ్డుకు కబురందేది ఆ ఓడల వల్లే. శత్రువు చెవిన పడకూడదని వాతావరణ వార్తల మీద సెన్సారు కూడా పెట్టారు. దాంతో హ్యూస్టన్, గల్వెస్టన్ జనానికి హెచ్చరిక సరిగ్గా అందలేదు. 19 మంది చనిపోయారు. ఆ తర్వాత అమెరికాలో హరికేన్ హెచ్చరికల మీద మళ్లీ సెన్సారు పెట్టలేదు. రేడియో మూగపోతే ఏమవుతుందో ఆ ఒక్క రోజు చూశాక, నడిసంద్రంలో ఏం జరుగుతోందో ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలన్న ఆలోచన గట్టిపడింది.

మరుసటి ఏడాది, 1944లో, మన స్క్వాడ్రన్ పుట్టింది. అప్పటి పేరు 3వ వాతావరణ నిఘా స్క్వాడ్రన్. దాన్ని పెట్టింది హరికేన్ల కోసం కాదు. అమెరికాలో తయారైన యుద్ధ విమానాలు వందలకొద్దీ ఉత్తర అట్లాంటిక్ మీదుగా యూరప్ వెళ్తుండేవి. న్యూఫౌండ్‌లాండ్, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ దారిలో మంచు, మబ్బు, పొగమంచు. వెనక వచ్చే విమానాలకు ముందున్న ఆకాశం ఎలా ఉందో చూసి చెప్పడమే ఈ దళం పని. మంద ముందు నడిచే కాపరిలాగా అన్నమాట. 1945లో పేరులో 53 అంకె చేరింది. 1946లో హరికేన్ హంటర్స్ అన్న ముద్దుపేరు వచ్చింది.

తర్వాతి ఇరవై ఏళ్లలో స్క్వాడ్రన్ ఊళ్లు మారినట్టు బదిలీ ఉద్యోగి కూడా మారడు. బెర్ముడా, ఇంగ్లండ్, మళ్లీ బెర్ముడా, జార్జియా, ప్యూర్టోరికో. విమానాలూ మారాయి. హిరోషిమా మీద బాంబు వేసిన బి-29 రకం విమానంలోంచి బాంబులు తీసేసి వాతావరణ పరికరాలు పెట్టుకున్నారు. ఆ తర్వాత బి-50. కొన్నాళ్లు బి-47 జెట్ కూడా. చివరికి సి-130 దగ్గర స్థిరపడ్డారు. సామాన్లు మోసే విమానం, లారీ లాంటిది. జెట్‌లా దూసుకుపోదు. అదే కావాలి వీళ్లకు. ఈ విమానానికి తుఫానులో తట్టుకోవడానికి ప్రత్యేకమైన ఉక్కు కవచం ఏదో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఏమీ లేదు. మామూలు సి-130కి ఉన్న ఒళ్లే దీనికీ. తేడా అంతా లోపలి పరికరాల్లోనూ, నడిపేవాళ్ల చేతిలోనూ ఉంది.

ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ‘వాతావరణం’ అనే మాట చాటున చాలా పనులు జరిగాయి. 1949 సెప్టెంబరు 3న జపాన్ నుంచి అలాస్కాకు వెళ్తున్న ఒక వాతావరణ నిఘా బి-29 గాలిని వడగట్టే కాగితం మీద రేడియోధార్మిక ధూళి పట్టుకుంది. సోవియట్ యూనియన్ మొదటి అణుబాంబు పేల్చిందని ప్రపంచానికి తెలిసింది అలాగే. అది 53వ స్క్వాడ్రన్ విమానం కాదు, అదే కుటుంబంలోని మరో దళానిది. గ్వామ్ ద్వీపంలో ఉండే తోబుట్టువు, 54వ స్క్వాడ్రన్, ఇంకా ముందుకెళ్లింది. 1967 నుంచి 1972 దాకా వియత్నాం యుద్ధంలో శత్రువు సరఫరా దారులు బురదమయం కావాలని మేఘాల్లో రసాయనాలు చల్లే రహస్య కార్యక్రమంలో దాని విమానాలు పాల్గొన్నాయి. ఆకాశం చూసి చెప్పమని పంపినవాళ్ల చేత ఆకాశాన్నే ఆయుధం చేయించారు. ఆ సంగతి బయటపడ్డాక, వాతావరణాన్ని యుద్ధానికి వాడకూడదని 1977లో దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

మంచి ఉద్దేశంతోనూ ఆకాశం మీద పెత్తనం చేయాలని చూశారు. 1962లో మొదలైన ‘స్టార్మ్‌ఫ్యూరీ’ అనే ప్రాజెక్టులో హరికేన్ మేఘాల్లో సిల్వర్ అయొడైడ్ చల్లి దాని జోరు తగ్గించవచ్చేమో చూశారు. 1969లో డెబీ అనే హరికేన్ మీద చల్లితే గాలివేగం తగ్గినట్టే కనిపించింది కూడా. తీరా తేలిందేమిటంటే, మనం ఏమీ చల్లకపోయినా పెద్ద తుఫాన్లు తమంతట తామే కన్ను చుట్టూ గోడను మార్చుకుంటూ కాసేపు తగ్గి మళ్లీ పుంజుకుంటాయి. 1983లో ఆ ప్రాజెక్టును మూసేశారు. నాకైతే అది ఓటమి అనిపించదు. ఆపలేమని తేల్చుకోవడానికి అన్నేళ్లు తుఫాను కడుపులో తిరిగి సంపాదించిన కొలతలు తర్వాత దాన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చాయి.

ఈ వేటలో ప్రాణాలూ పోయాయి. 1955 సెప్టెంబరులో నౌకాదళ విమానం ఒకటి జానెట్ అనే హరికేన్‌లోకి వెళ్లి తిరిగి రాలేదు. తొమ్మిదిమంది సిబ్బంది, కబుర్లు రాయడానికి వెంట వెళ్లిన ఇద్దరు పత్రికలవాళ్లు. 1974 అక్టోబరులో గ్వామ్ స్క్వాడ్రన్ సి-130 ఒకటి బెస్ అనే టైఫూన్‌లో ఆరుగురితో మాయమైపోయింది. ఆ తర్వాత ఇలా తుఫానులో విమానం పోలేదు.

1973లో 53వ స్క్వాడ్రన్ మిసిసిపి రాష్ట్రంలో బిలాక్సీ పట్నం పక్కనున్న కీస్లర్ బేస్‌కు చేరింది. నాలుగేళ్ల ముందే, 1969లో, కమీల్ అనే హరికేన్ ఊడ్చిపెట్టిన తీరం అది. తుఫాను వేటగాళ్లు తుఫాను దారిలోనే కాపురం పెట్టారు. 1976లో అదే బేస్‌లో రిజర్వ్ వాళ్లతో ఇంకో వాతావరణ దళం, 815వ స్క్వాడ్రన్, పక్కనే నిలబడింది. కొంతకాలం రెండూ కలిసి పనిచేశాయి.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఉపగ్రహాలు వచ్చేశాయి. పైనుంచి ఫొటోలు పంపుతుంటే మనుషులు వెళ్లడమెందుకన్న లెక్కలు మొదలయ్యాయి. 1987లో గ్వామ్ స్క్వాడ్రన్‌ను మూసేశారు. అప్పటి నుంచి పశ్చిమ పసిఫిక్‌లో అలా రోజువారీగా విమానాలు వెళ్లడం ఆగిపోయింది. 1991 జూన్ ఆఖరున 53వ స్క్వాడ్రన్‌కూ తెరదించారు. రెగ్యులర్ వైమానిక దళం ఆ పని నుంచి చేతులు దులుపుకుంది. అయితే పక్కన 815 రిజర్వ్ వాళ్లు మిగిలే ఉన్నారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆండ్రూ అనే హరికేన్ ఫ్లోరిడాను చీల్చి పారేసింది. అందులోకి వెళ్లి కొలిచింది ఆ రిజర్వ్ వాళ్లే. 1993 నవంబరులో 53 అనే పాత అంకెను తిరిగి బతికించి, ఈసారి రిజర్వ్‌లోనే పెట్టి, వేటను దానికి అప్పగించారు. అమెరికా పార్లమెంటు ఏటా రక్షణ బడ్జెట్ చట్టంలో ఈ స్క్వాడ్రన్‌ను పేరుపెట్టి రాస్తుంది, దీని వాతావరణ నిఘా పనిని తగ్గించడానికి ఈ డబ్బు వాడకూడదు అని. అంత పెద్ద బడ్జెట్‌లో పది విమానాల దళానికి విడిగా ఒక వాక్యం. సైన్యం మీద అంత నమ్మకం అన్నమాట!

మొదట్లో అనుమానం వచ్చిందన్నాను కదా, ఈ పని రిజర్వ్ వాళ్లకు ఎందుకని. కృష్ణా, గోదావరి డెల్టాలో కాలవ కింద వ్యవసాయం చేసినవాళ్లకు జవాబు తేలిగ్గా తడుతుంది. ఇంజనీరు గారు మూడేళ్లుంటారు, బదిలీ మీద వెళ్తారు. లాకు దగ్గర లస్కరు పాతికేళ్లుగా అక్కడే ఉంటాడు. నీళ్ల రంగు చూసి పైన ఎక్కడ వాన పడిందో చెప్పగలడు. రెగ్యులర్ సైన్యంలో పైలట్ నాలుగు సీజన్లు ఎగిరి తుఫాను ఒంటిని పట్టుకునే లోపు మరో దేశానికి బదిలీ అయిపోతాడు. రిజర్వ్ మనిషి ఉన్న ఊళ్లోనే ఉంటాడు, అదే స్క్వాడ్రన్‌లో ఏళ్ల తరబడి ఎగురుతాడు. ఈ వేటకు కావలసింది ఆ లస్కరుతనమే.

ఇంతకీ విమానం తుఫానులోకి ఎలా వెళ్తుంది? పైనుంచి కన్నులోకి దిగదు. పదివేల అడుగుల ఎత్తున పక్కనుంచి దూరుతుంది. ఇంకా రూపం తేలని అల్పపీడనమైతే మరీ కిందికి, నీటికి 500 నుంచి 1500 అడుగుల ఎత్తుకు దిగి వెతుకుతుంది. ఇద్దరు పైలట్లు, ఒక నావిగేటరు, ఒక వాతావరణ అధికారి, పరికరాలు జారవిడిచే మనిషి ఒకరు. మన ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి. కనుక గాలి ఎడమ రెక్కకు అడ్డంగా తగులుతూ ఉండేలా విమానాన్ని పట్టుకుంటే కన్ను ఎదురుగా ఉన్నట్టే. వాన అద్దాలను బాదేస్తుంటుంది, బయట ఏమీ కనిపించదు. కన్ను చుట్టూ ఉండే గోడ దగ్గర కుదుపులు మరీ ఎక్కువ. ఆ గోడ దాటగానే ఒక్కసారిగా నిశ్శబ్దం. పైన నీలాకాశం, చుట్టూ గిన్నె అంచుల్లా లేచిన తెల్లని మబ్బు గోడలు.

విశాఖవాసులకు ఆ నిశ్శబ్దం నేల మీద నుంచి తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను ఊరి మీదుగా వెళ్లినప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. అయిపోయిందనుకుని తలుపులు తీసి, పడిపోయిన చెట్లు చూడ్డానికి వీధిలోకి వచ్చినవాళ్లున్నారు. కాసేపటికే గాలి రెండో వైపు నుంచి మొదలైంది. వేటగాళ్లు ఆ కన్నులోకి ఒకే ప్రయాణంలో నాలుగైదు సార్లు, గుణకారం గుర్తు వేసినట్టు ఒక మూల నుంచి ఇంకో మూలకు దాటుతారు. వెళ్లి రావడానికి పది, పదకొండు గంటలు పడుతుంది.

ఉపగ్రహం ఉండగా ఇదంతా దేనికి? ఉపగ్రహం చూసేది మబ్బు నెత్తిని. దాని కింద సముద్రమట్టం దగ్గర గాలి ఎంత వేగంతో తిరుగుతోందో, పీడనం ఎంత పడిపోయిందో నేరుగా కొలవలేదు. మబ్బు ఆకారాన్ని బట్టి బలం అంచనా కట్టే పద్ధతిని వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970ల్లో తయారుచేశాడు. మన బంగాళాఖాతంలో విమానాలు వెళ్లే ఏర్పాటు లేదు కాబట్టి, తుఫాను నడిసంద్రంలో ఉన్నంతసేపూ మనకు చెప్పే గాలివేగం చాలావరకు ఆ పద్ధతిలో కట్టిన అంచనాయే. అది మంచి పద్ధతి, అనుభవజ్ఞుల చేతిలో చాలా మంచి పద్ధతి. అయినా వైద్యుడు రోగి ముఖం చూసి జ్వరం చెప్పడానికీ, థర్మామీటరు పెట్టి చెప్పడానికీ తేడా ఉంటుంది కదా.

2005 అక్టోబరులో ఆ తేడా బయటపడింది. కరీబియన్ సముద్రంలో విల్మా అనే హరికేన్ ఒక్క రాత్రిలో రాక్షసి అయింది. దాని కన్ను వ్యాసం నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. అంత చిన్న కన్ను అంతకు ముందెవరూ చూడలేదు. విమానం ఒక గోడ దాటి ఊపిరి పీల్చుకునే లోపు రెండో గోడ వచ్చేస్తుంది. ఆ కన్ను మధ్యలో పీడనం 882 మిల్లీబార్లని తేలింది. మామూలుగా సముద్రమట్టంలో అది 1013 దాకా ఉంటుంది. అట్లాంటిక్‌లో అంత తక్కువ పీడనం అప్పటిదాకా నమోదు కాలేదు.

అదే ఏడాది ఆగస్టులో కత్రినా వచ్చింది. ఈసారి తుఫాను వేటగాళ్ల ఇళ్ల మీదికే వచ్చింది. ముందుగానే విమానాలను జార్జియాలోని డాబిన్స్ బేస్‌కు తరలించారు. కుటుంబాలు తలో దిక్కుకూ వెళ్లిపోయాయి. సిబ్బంది మాత్రం డాబిన్స్ నుంచి లేచి కత్రినాలోకి వెళ్తూ, దాని కన్ను ఎక్కడుందో గంటగంటకూ మయామీలోని హరికేన్ కేంద్రానికి చెబుతూ ఉన్నారు. ఆ అంకెలు ఎటు జరుగుతున్నాయో అందరికన్నా ముందు వాళ్లకే తెలుసు. తమ ఊరు మ్యాపులో ఎక్కడుందో కూడా తెలుసు. ఆగస్టు 29న మిసిసిపి తీరం మీద ఉప్పెన కొన్నిచోట్ల 27 అడుగులు దాటింది. ఉప్పెన అన్న మాటకు అర్థం 1977 నవంబరు 19 తర్వాత దివిసీమవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఈ వేటగాళ్లకూ ఆ రోజు తెలిసొచ్చింది. ఎందరివో ఇళ్లు పోయాయి. ఒక్క ప్రయాణం కూడా మానలేదు.

హరికేన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా. తర్వాత విశ్రాంతి అనుకుంటాం. అదీ లేదు. 2016 నుంచి చలికాలంలో ఇవే విమానాలు పసిఫిక్ మీదికి వెళ్తున్నాయి. అక్కడ ‘ఆకాశ నదులు’ అనే నీటి ఆవిరి పాయలు వందల కిలోమీటర్ల వెడల్పుతో కాలిఫోర్నియా మీదికి పారి వస్తాయి. వస్తే వరద, రాకపోతే కరవు. అక్కడి జలాశయాలు నడిపేవాళ్లకు ఎప్పుడూ ఒకటే బెంగ. ముందే నీళ్లు వదిలేసి ఖాళీ ఉంచాలా, వేసవికి దాచుకోవాలా? 2009 అక్టోబరులో శ్రీశైలం దగ్గర కృష్ణమ్మ ఎలా వచ్చిందో, కర్నూలు ఎలా మునిగిందో చూసినవాళ్లకు ఆ బెంగ కొత్త కాదు. రెండు, మూడు రోజుల ముందు ఆ పాయ ఎక్కడ తాకుతుందో తెలిస్తే గేటు దగ్గర చెయ్యి వణకదు. యుద్ధ విమానాలకు దారి చూపడానికి పుట్టిన దళం ఇప్పుడు గేట్ల లెక్కకు కొలతలు తెస్తోంది.

ఆ కొలతలు తెచ్చే పరికరం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మూరకు తక్కువ పొడవుండే గొట్టం, పేరు డ్రాప్‌సోండ్. చిన్న గొడుగు కట్టి విమానంలోంచి జారవిడుస్తారు. పీడనం, వేడి, తేమ, గాలి, అన్నీ సెకనుకు రెండుసార్లు చెబుతూ పడుతుంది. పదివేల అడుగుల నుంచి నీటికి చేరడానికి దానికి దాదాపు నాలుగు నిమిషాలు. నిజానికి అదొక బుల్లి రేడియో స్టేషన్. వినేవాడు ఒక్కడే, పైన విమానంలో చెవిపెట్టుకుని కూర్చున్న మనిషి. తుఫాను అడుగున అల మీద పడ్డ క్షణాన దాని గొంతు ఆగిపోతుంది. అప్పటిదాకా చెప్పింది ఆయన రాసుకుని, ఇంకోటి జారవిడిచే గొట్టంలో పెడతాడు.

నాకిచ్చిన సమయమూ అయిపోయింది. సెలవు.